బండి వెనుక కూర్చున్నవారికి చట్టం ఇచ్చిన హక్కులు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం మీద నన్నే మాట్లాడమని కార్యదర్శిగారు పట్టుబట్టడానికి కారణం ఉంది. జిల్లా కోర్టులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగిరీ చేశాను. అందులో చాలా కాలం వాహన ప్రమాదాల ట్రిబ్యునల్ ఫైళ్లతోనే గడిచింది. అంత చేసీ, నా కాలు విరిగిన రోజున నేను చేసింది శుద్ధ తెలివితక్కువ పని. ముందు అదే చెబుతాను.

2016 నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, మా మిత్రుని స్కూటరు వెనుక కూర్చుని ఇంటికి వస్తున్నాను. మలుపులో స్పీడ్ బ్రేకర్ ఆయన చూసుకోలేదు. నేను ఎగిరి కిందపడ్డాను. తుంటి ఎముక విరిగింది. ఎదుటి నుంచి ఏ బండీ రాలేదు, ఎవరూ గుద్దలేదు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు "ఎలా జరిగింది?" అని అడిగితే, మిత్రుడి ముఖం చూసి, "ఇంట్లో బాత్‌రూములో జారిపడ్డానండీ" అన్నాను. ఆయన అదే రాసుకున్నారు.

ఆపరేషను, మందులు, ఆరు నెలలు మనిషి సాయం. రీయింబర్స్‌మెంటులో కొంత వచ్చింది. మిగిలింది దాచుకున్న డబ్బులోంచే పోయింది. మరుసటి ఏడాది మిత్రుడు స్కూటరు పాలసీ రెన్యువల్‌కు వెళుతూ పాత కాగితం నాకు చూపించారు. అది ప్యాకేజీ పాలసీ. అంటే నా గాయానికి పరిహారం బీమా కంపెనీ ఇవ్వవలసి ఉండేది. ఆయన జేబులోంచి రూపాయి పోయేది కాదు. పోలీసు కేసు ఒకటి ఉండేది, అది నిజమే. కానీ ఆసుపత్రి రికార్డులో "బాత్‌రూము" అని నా నోటితో నేనే రాయించుకున్న తరువాత ఏ కోర్టుకు వెళ్లి ఏమని చెప్పను? ఆ మిత్రుడు ఈ సభలోనే ఉన్నారు. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పను. ఆయన బండి మీదే ఈ రోజూ వచ్చాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మన వయసువాళ్లలో బండి నడిపేవారు తగ్గారు, వెనుక కూర్చునేవారు పెరిగారు. కొడుకు వెనుక, అల్లుడి వెనుక, మనవడి వెనుక. ఆడవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. అందుచేత మూడు సందర్భాలు విడివిడిగా తెలుసుకోవాలి.

మొదటిది, తప్పు ఎదుటి వాహనానిది. లారీయో కారో వచ్చి గుద్దింది. అప్పుడు వెనుక కూర్చున్నవారు ఆ వాహనానికి మూడో పక్షం, అంటే థర్డ్ పార్టీ. 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద ఆ వాహనం డ్రైవరు, యజమాని, బీమా కంపెనీల మీద అర్జీ వేయవచ్చు. ఇందులో చిక్కు తక్కువ.

రెండవది, తప్పు రెండు బండ్లదీ. మనవాడూ వేగంగా వెళ్లాడు, ఎదుటివాడూ అడ్డంగా వచ్చాడు. ఇక్కడ చాలామంది "సగం తప్పు మనదే కదా, సగమే ఇస్తారు" అని వెనక్కి తగ్గుతారు. అది పొరపాటు. నడిపినవాడి తప్పు వెనుక కూర్చున్నవారికి అంటదు. మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గర నుంచి అయినా వసూలు చేసుకోవచ్చునని 2015లో ఖెన్యేయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాటాలు వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు.

మూడవది నాకు జరిగినటువంటిది. తప్పు మనం ఎక్కిన బండిదే. ఇక్కడ అంతా పాలసీ మీద ఆధారపడి ఉంది. చట్టప్రకారం తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, వెనుక కూర్చున్నవారికి బీమా కంపెనీ బాధ్యత లేదని 2006లో తిలక్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది. హక్కు పోదు, కానీ డబ్బు బండి యజమాని నుంచే రావాలి. యజమాని అంటే మన అల్లుడో, పక్కింటాయనో. వాళ్ల మీద అర్జీ వేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అదే ప్యాకేజీ పాలసీ, అంటే మనవాళ్లు ఫుల్ ఇన్సూరెన్స్ అనేది ఉంటే కంపెనీయే ఇవ్వాలి. బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరులో సర్క్యులరు ఇచ్చి కంపెనీలకు ఈ సంగతి స్పష్టం చేసింది. 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ తేడానే పాటించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. "ఐదేళ్లదాకా ఇన్సూరెన్స్ ఉంది" అని పిల్లలు ధీమాగా ఉంటారు. బండి సొంత నష్టానికి సంబంధించిన భాగం ఏడాదికే ముగిసిపోయి ఉండవచ్చు. అలాగే యజమాని నడిపితే వర్తించే పదిహేను లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా నడిపే యజమానికే, వెనుక మనిషికి కాదు. ఇంటికి వెళ్లగానే పాలసీ కాగితం తీయించి ఏ భాగం ఏ తేదీదాకా ఉందో చదవండి. వెనుక కూర్చునేవారికి అదనపు ప్రీమియం కట్టి ఉన్నారా అన్నది కూడా చూడండి.

"మాకు జీతం లేదు, పెన్షను ఎలాగూ వస్తుంది, ఇక నష్టం ఏముంది?" అని అడిగేవారు ఉన్నారు. గాయపడినవారికి వైద్య ఖర్చు, మనిషి సాయం, రాకపోకలు, పౌష్టికాహారం, ముందు ముందు కావలసిన చికిత్స, నొప్పి బాధ, మామూలు జీవితంలో కోల్పోయిన సుఖం, వీటన్నిటికీ లెక్క ఉంది. రిటైరయ్యాక ట్యూషన్లు చెప్పుకుంటూనో, లెక్కలు రాసుకుంటూనో సంపాదిస్తుంటే అదీ చూపించుకోవచ్చు. ప్రాణమే పోతే, కుటుంబానికి వచ్చే పెన్షనును, జీవిత బీమా సొమ్మును పరిహారంలోంచి తగ్గించకూడదని హెలెన్ రెబెల్లో కేసు తీర్పు ఉంది. ఇంటి ఇల్లాలి చాకిరీకి విలువ కట్టాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది. "మా ఆవిడకు సంపాదన లేదండీ" అని మీరు మాత్రం కోర్టులో అనకండి.

ఇప్పుడు చేయవలసిన పనులు. అన్నిటికంటే ముందు ఆసుపత్రిలో నిజం చెప్పండి. ఏ బండి, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది మొదటి చీటీలోనే ఉండాలి. పోలీసులకు తెలియజేసి ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోండి. గాయాల సర్టిఫికెట్టు, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, ప్రతి మందు బిల్లూ ఒక సంచిలో వేసి ఉంచండి. గుద్దిన బండి పారిపోయి నంబరు దొరకకపోయినా ఊరుకోవద్దు. 2022 ఏప్రిల్ నుంచి అటువంటి కేసుల్లో మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ఇచ్చే పథకం ఉంది. 2025 మేలో వచ్చిన మరొక పథకం కింద, నిర్ణయించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజులదాకా లక్షన్నర వరకు నగదు కట్టకుండా చికిత్స పొందవచ్చు.

అర్జీ ప్రమాదం జరిగిన ఊళ్లోనే వేయనక్కరలేదు. హైదరాబాదులో కొడుకు దగ్గరకు వెళ్లినప్పుడు దెబ్బ తగిలినా, మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్లో వేయవచ్చు. అయితే గడువు గుర్తుంచుకోండి. ఇదివరకు గడువు లేదు. 2019 సవరణ ఆరు నెలలు అని పెట్టింది, అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. కాలు బాగుపడ్డాక చూద్దాం అనుకుంటే ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. వకీలుగారి ఫీజు ముందే మాట్లాడుకోండి. ఎవరు అడిగినా తెల్ల కాగితాల మీద సంతకం చేయకండి.

చివరిగా హెల్మెట్టు. వెనుక కూర్చున్నవారికీ అది తప్పనిసరి. "నా తలకాయకు ఇప్పుడెందుకులే" అని నవ్వేస్తాం. పరిహారం ఎంత వచ్చినా అది డబ్బే. నా కర్రను చూడండి, ఏ తీర్పూ దీన్ని నా చేతిలోంచి తీసివేయలేదు.

మీలో ఎవరికైనా ఇటువంటి ఇబ్బంది వస్తే, స్నేహితుణ్ణి కాపాడాలని అబద్ధం చెప్పకండి. ముందు ఆయన పాలసీ అడగండి. కాగితాలు తీసుకుని మన సంఘం ఆఫీసుకు వస్తే నాకు తెలిసినంతవరకు చదివి చెబుతాను.