ఇంటి కంప్యూటరుకు ఆపరేటింగు సిస్టము

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామములలో నేడు పలువురు అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. “ఇంటిలోని కంప్యూటరు చక్కగనే నడచుచున్నది. కాని దానిలోని విండోస్ 10కు గడువు తీరినదట. ఇప్పుడు క్రొత్తది కొనవలసినదేనా?” పంచాయతీ సభ్యులైన మీరు ఇంటింటికిని తెలిసినవారు. ఇట్టి సంశయము కలిగినప్పుడు మొదట మీ సలహాయే అడుగుదురు. కావున ఈ విషయమును మనము కొంత వివరముగా తెలిసికొందము.

ఆపరేటింగు సిస్టము అనగా కంప్యూటరును నడిపించు మూల వ్యవస్థ. వనపర్తి సీమవారికి సరళాసాగరము తెలియనిది కాదు. 1959లో ప్రారంభమైన ఆ జలాశయమున నీరు నిర్ణీత మట్టమునకు చేరగనే సైఫనులు తమంతట తామే పనిచేసి అదనపు నీటిని వదలును. తలుపులెత్తు మనిషితో పని లేదు. ఆపరేటింగు సిస్టము కూడ అట్లే తెర వెనుక పనిచేయును. మనము నొక్కిన అక్షరమును తెరపై చూపుట, ఫైలును భద్రపరచుట, ప్రింటరుకు పని యప్పగించుట, ఇవన్నియు దాని విధులే. అయితే 2019 డిసెంబరు 31న అదే సరళాసాగరము కట్టకు గండి పడినది. ఎంత నేర్పుతో నిర్మించినదైనను కట్టను కనిపెట్టుకొని యుండక తప్పదు. కంప్యూటరు విషయమున ఆ కనిపెట్టుటనే అప్‌డేట్ అందురు. దొంగ ప్రోగ్రాములు లోనికి చొరబడు సందులను తయారీదారులు ఎప్పటికప్పుడు మూయుచుందురు.

విండోస్ 10కు ఈ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో సాధారణముగా నిలిచిపోయినవి. అదనపు భద్రతా పథకమున చేరినవారికి మాత్రము కొంత గడువు లభించినది. గడువు తీరినంత మాత్రమున యంత్రము ఆగిపోదు. కాని బ్యాంకు లావాదేవీలు జరుపు ఇంటిలో కాపులేని కంప్యూటరును వాడుట క్షేమకరము కాదు.

ఇక మన ముందున్న మార్గములు రెండు. మొదటిది విండోస్ 11. దీనికి కనీసము 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ స్థలము, టీపీఎం 2.0 అను భద్రతా భాగము, మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసరు ఉండవలెను. ఆ సంస్థయే ఉచితముగా ఇచ్చు ‘పీసీ హెల్త్ చెక్’ అను ప్రోగ్రాము మన యంత్రము తగునో తగదో చెప్పును. పాత యంత్రములు పెక్కు ఈ పరీక్షలో నెగ్గవు.

రెండవది లినక్సు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ పని నేడు ప్రపంచమంతట వేలాది మంది సమష్టి కృషితో సాగుచున్నది. ఉబుంటు, లినక్సు మింట్ మున్నగునవి దాని రూపములు. వీనికి వెల లేదు. ఎన్ని యంత్రములలోనైన చట్టబద్ధముగా ఎక్కించుకొనవచ్చును. 4 జీబీ మెమరీ గల పాత యంత్రమునకు మింట్ వంటిది చాలును. మన దేశమున సీ-డాక్ సంస్థ బాస్ లినక్సును రూపొందించినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించు లినక్సుకై పాటుపడినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థులు లినక్సు మీదనే కంప్యూటరు విద్య నేర్చుచున్నారు.

అట్లని అందరికిని లినక్సే తగునని మేము చెప్పజాలము. చేయవలసిన పనిని బట్టి వ్యవస్థను ఎన్నుకొనవలెను. పిల్లల చదువు, ఉత్తరములు, లెక్కల పట్టికలు, ఇంటర్నెట్టు మాత్రమే అయినచో లినక్సు నిశ్చింతగా సరిపోవును. గద్వాల చీరల వ్యాపారి ఇంట ట్యాలీలో లెక్కలు వ్రాయుచున్నచో విండోసే మేలు, ఏలయన ట్యాలీ విండోస్ కొరకు చేసినది. అను ఫాంట్లతో తెలుగు టైపు చేయువారికిని అట్లే. డిజిటల్ సంతకపు టోకెన్ వాడువారు అది క్రొత్త వ్యవస్థలో పనిచేయునో లేదో ఇచ్చినవారిని ముందే అడుగవలెను. పంచాయతీ కార్యాలయపు యంత్రమును మాత్రము అధికారుల అనుమతి లేనిదే మార్చరాదు.

వ్యవస్థ నెలకొల్పు పద్ధతిని ఇప్పుడు వరుసగా చెప్పెదము.

మొదట ముఖ్యమైన ఫైళ్లను వేరొక డిస్కునకు ఎక్కించుకొనుడు. పట్టాదారు పాసుపుస్తకపు నకళ్లు, పిల్లల సర్టిఫికెట్లు, పెండ్లి ఫొటోలు ఒక్క తప్పు మీటతో తుడిచిపెట్టుకొని పోవచ్చును. నకళ్లు తెరచుకొనుచున్నవని స్వయముగా చూచిన పిమ్మటనే ముందుకు పోవలెను. ఈ పని ముగియనిదే ఎవరి చేతికిని యంత్రమును ఈయకుడు.

తరువాత వ్యవస్థ ఫైలును తయారీదారుల స్వంత వెబ్‌సైటు నుండియే దించుకొనవలెను. లినక్సుదైనచో అది సుమారు మూడు నుండి ఆరు జీబీ యుండును. అమ్రాబాదు అడవి పల్లెలలో సిగ్నలు అందనిచో అచ్చంపేటకు పోయినప్పుడు దించుకొని రావచ్చును. దానిని రూఫస్ వంటి ప్రోగ్రాముతో 8 జీబీ పెన్‌డ్రైవులోనికి ఎక్కించవలెను. పెన్‌డ్రైవులో అంతకు ముందున్నదంతయు పోవునని గుర్తుంచుకొనుడు.

లినక్సులో ఒక సౌకర్యము కలదు. యంత్రములో ఎక్కించకయే పెన్‌డ్రైవు నుండి నడిపి చూడవచ్చును. కంప్యూటరు తెరచునప్పుడు ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్ వంటి మీటలలో ఆయా కంపెనీ నిర్ణయించినదానిని నొక్కి పెన్‌డ్రైవును ఎన్నుకొనవలెను. వైఫై, శబ్దము, ప్రింటరు, తెలుగు అక్షరములు సరిగా ఉన్నవో లేవో ఒకటి రెండు గంటలు పరీక్షించుడు. నచ్చినచో ఎక్కించుకొనవచ్చును. విండోస్‌ను ఉంచుకొని ప్రక్కన లినక్సు పెట్టుకొను వీలును కలదు. ఎక్కించునప్పుడు కరెంటు పోయినచో పని చెడును. కావున ల్యాప్‌టాపును పూర్తిగా చార్జి చేయుడు. డెస్క్‌టాపునకు యూపీఎస్ ఉండవలెను.

పిమ్మట తెలుగు ఇన్‌స్క్రిప్టు కీబోర్డును చేర్చుకొనుడు. దానితో యూనికోడులో వ్రాసిన ఉత్తరము ఏ ఫోనులోనైన, ఏ కంప్యూటరులోనైన తెలుగుగనే కనిపించును. అను ఫాంట్లతో వ్రాసినది ఆ ఫాంటు లేని యంత్రమున అర్థము కాని గుర్తులుగా మారును. ఇంటివారికి వేర్వేరు ఖాతాలు, గట్టి పాస్‌వర్డులు పెట్టి, అప్‌డేట్లు రాగానే ఎక్కునట్లు చేయుడు.

చివరగా ఒక హెచ్చరిక. కొద్ది డబ్బుకు దొంగ విండోస్ ఎక్కించువారు పట్టణములలో ఉందురు. దొంగ నకలు అని తెలిసియు వాడుట 1957 నాటి కాపీరైట్ చట్టము ప్రకారము నేరము. అంతకు మించి, అట్టి నకళ్లలో ఏ దొంగ ప్రోగ్రాము దాగియున్నదో చెప్పలేము. ఉచితముగా, చట్టబద్ధముగా లభించు వ్యవస్థ ఉండగా ఈ ప్రమాదమునకు లోనగుట అనవసరము.

మీ గ్రామమున పాలిటెక్నిక్‌లోనో ఇంజనీరింగు కళాశాలలోనో చదువు యువకులు, యువతులు ఉన్నచో, ఒక ఆదివారము వారిని పంచాయతీ కార్యాలయమునకు పిలిచి, పాత కంప్యూటర్లు గలవారిని రమ్మనుడు. రెండు మూడు పెన్‌డ్రైవులున్నచో ఆ పూటకు చాలును. మూలన పడనున్న యంత్రము మరి కొన్ని సంవత్సరములు ఒక బిడ్డ చదువుకు అక్కరకు వచ్చును. ఆ ఇంటికి క్రొత్త కంప్యూటరు ఖర్చు తప్పును.