మందకు కావలి గద్ది కుక్క



హిమాచల ప్రదేశములో గద్ది కాపరులు వేసవిలో మందలను ఎత్తైన కొండ బీళ్లకు తోలుకొనిపోవుదురు. అచ్చట చిరుతలు, ఎలుగుబంట్ల నుండి మందను కాచునది గద్ది కుక్కయే. చిరుత మెడ పట్టకుండ దానికి ముళ్లుగల ఇనుప పట్టెడ కట్టుదురు.

ఎనిమిది వారములు నిండనిదే పిల్లను తల్లినుండి వేరుచేయరాదు. పిమ్మట గొర్రెల నడుమనే పెంచినచో మందను తనదిగా ఎంచుకొనును.

దాని బొచ్చు రెండు పొరలుగా నుండును. దానిని గొరగరాదు. వారమున కొకసారి చర్మము వరకు దువ్వి, చెవుల వెనుక చిక్కులు తీసి, గోమార్లను ఏరివేయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఒకటి గలదు. చచ్చిన గొర్రె తలను, కాలేయమును, ఊపిరితిత్తులను కుక్కకు పచ్చిగా వేయరాదు. వానిలోని నీటితిత్తుల వలన కుక్క ప్రేగులలో బద్దెపురుగులు పెరుగును. ఆ పురుగుల గ్రుడ్లు మలముతో పచ్చికపై పడును. అది మేసిన గొర్రెకు మెదడులో తిత్తి ఏర్పడి, గిరగిర తిరిగి చచ్చును. మరియొక రకపు బద్దెపురుగు మనుష్యుల కాలేయములో సైతము తిత్తులు పుట్టించును. కావున కళేబరమును లోతుగా పూడ్చి, పశువైద్యుని సలహాపై కుక్కకు ప్రాజిక్వాంటెల్ మందును వేళ తప్పక ఇవ్వవలెను. ఏటేట పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించవలెను.

మన ఎండలకు ఈ జాతి తగదు, తెప్పించుకొనవలదు. కాని పురుగుల విషయమై చెప్పిన జాగ్రత్తలు మన కాపరుల ఊరకుక్కలకును అట్లే వర్తించును.