సగము పని, సగము భృతి



పని లేనివానికి కొంతకాలము భృతి యిచ్చుట న్యాయమని నేడు పెక్కు దేశములు అంగీకరించినవి. నిండుగ పని దొరికిన పిమ్మట ఆ భృతి నాపవలెననుటలోను వివాదము లేదు. ఈ రెంటి నడుమ నున్నవాని సంగతి యేమి? వారమునకు ఏడెనిమిది గంటల పని దొరికినది. అది కుటుంబపోషణమునకు చాలదు; అట్లని వదలుకొనదగినదియు కాదు. అట్టివానికి భృతి నిలుపవలెనా, తగ్గింపవలెనా, మరియొక విధమైన భృతికి మార్పవలెనా? చూచుటకు చిన్న ప్రశ్నయే కాని, పనిచేయుట మేలా, ఊరకుండుట మేలా అను నిర్ణయము దీనిపైననే ఆధారపడియున్నది. ఈ విషయమును బ్రిటను దేశపు నిబంధనలను బట్టి వివరింప దలచితిని. ఆ దేశమున మన తెలుగువారు పెక్కుమంది స్థిరపడియున్నారు గనుక ఇది మనకు కేవలము పరాయి సంగతియు కాదు.

ముందు కొంచెము పూర్వచరిత్ర. బ్రిటనులో నిరుద్యోగ భీమా 1911వ సంవత్సరపు చట్టముతో ఆరంభమైనది. ఓడల నిర్మాణము, యంత్రనిర్మాణము, గృహనిర్మాణము మొదలగు కొన్ని వృత్తులవారికి మాత్రమే అది వర్తించెను. కార్మికుడు, యజమాని, ప్రభుత్వము ముగ్గురును చందా చెల్లింతురు. పని పోయినపుడు వారమునకు 7 షిల్లింగుల చొప్పున, ఏడాదిలో 15 వారములకు మించకుండ కార్మికునకు ముట్టును. మొదటి చెల్లింపులు 1913వ సంవత్సరము జనవరిలో జరిగెను. ఆ చట్టము వ్రాసినవారి మనస్సులో మనుష్యుడు రెండు తెగలుగ నుండెను: పని యున్నవాడు, పని లేనివాడు. లోకము అంత సులభముగ విడిపోదు. తరువాతి సంవత్సరములలో నూలుమిల్లులు వారమున కొన్ని దినములు మాత్రమే నడచినపుడు, కూలివారు ఆ దినములకు జీతమును తక్కిన దినములకు భృతిని పుచ్చుకొనిరి. దీనిపై విమర్శ చెలరేగి, 1931లో ఒక చట్టము వచ్చినది. ఋతువును బట్టి పనిచేయువారికి, వారమున కొన్నాళ్లే పనిచేయువారికి, వివాహిత స్త్రీలకు అది భృతిని కష్టతరము చేసినది. సగము పని చేయువానియెడ ప్రభుత్వములకు గల అనుమానము ఇంత పురాతనమైనది.

ఇక నేటి స్థితి. బ్రిటనులో నిరుద్యోగికి రెండు ద్వారములు గలవు. మొదటిది జాబ్‌సీకర్స్ అలవెన్స్. ఇది 1996లో వచ్చినది. నేడున్నది దాని నూతనరూపము. కడచిన రెండు మూడు సంవత్సరములలో తగినంత భీమా చందా చెల్లించినవానికే ఇది దొరకును. గరిష్ఠముగ 182 దినములు. పదునైదు దినముల కొకసారి చెల్లింపు. భార్యకో భర్తకో జీత మున్నదా, బ్యాంకులో సొమ్మున్నదా యని దీనికి విచారణ లేదు. చందా కట్టిన హక్కు చేతనే వచ్చునది.

రెండవది యూనివర్సల్ క్రెడిట్. 2012 నాటి చట్టముచే ఏర్పడి, 2013 ఏప్రిలులో అమలున కారంభమైనది. దీనికి చందాతో పని లేదు; దరఖాస్తుదారుని, జంటయైనచో ఇద్దరి ఆదాయమును, నిలువసొమ్మును విచారించి యిత్తురు. నిలువ 16,000 పౌనులు మించినచో ఇది దొరకదు. నెల కొకసారి చెల్లింపు.

పాక్షికమైన పని దొరికినపుడు ఈ రెండును చెరియొక విధముగ వర్తించును. మొదటి భృతిలో గంటల హద్దు గలదు: వారమునకు 16 గంటలు, అంతకు మించి పనిచేసినచో అది నిలిచిపోవును. అందరును ఈ హద్దునే జ్ఞాపకముంచుకొందురు. కాని అంతకంటె ముందే తగులు మరియొక గోడ యున్నది. సంపాదనలో వారమునకు 5 పౌనులు మాత్రమే మినహాయించి, తక్కినదంతయు భృతినుండి కోసివేయుదురు.

లెక్క చూతము. 2025–26 సంవత్సరమున ఇరువదియైదేండ్లు నిండినవానికి ఈ భృతి వారమునకు 92.05 పౌనులు. అదే యేడు గంట కియ్యవలసిన కనీసవేతనము 12.21 పౌనులు. ఒక గుమాస్తాకు వారమునకు ఏడు గంటల పని దొరికినదనుకొందము. వచ్చు కూలి 85.47 పౌనులు. అందులో 5 పోగా 80.47 పౌనులు భృతినుండి పోవును, మిగులునది 11.58. కూలి, భృతి కలిపిన 97.05 పౌనులు. అనగా ఏడు గంటలు శ్రమించినందుకు అతనికి పైగ మిగిలినది 5 పౌనులు! పనికి పోవు బస్సుకూలి కైనను అది చాలునో చాలదో. ఎనిమిది గంటలు పనిచేసెనా, భృతి మొత్తమే పోవును. పదునారు గంటల హద్దు కాగితముమీద నుండగనే, ఎనిమిదవ గంటకే తలుపు మూసికొనిపోయినది.

ఇదే మనుష్యుడు యూనివర్సల్ క్రెడిట్‌నకు అర్హుడైనచో కథ వేరు. ఇందు గంటల హద్దు లేదు. చేతికి వచ్చిన ప్రతి పౌనుకు 55 పెన్నీలు కోయుదురు. 45 పెన్నీలు అతనికి మిగులును. 2021 నవంబరునకు ముందు ఈ కోత 63 పెన్నీలుగ నుండెను. ఒంటరివానికి 2025–26లో నెలకు మూలభృతి 400.14 పౌనులు. ఏడు గంటల కూలి నెలకు ఇంచుమించు 370 పౌనులగును. దానిపై కోత 204 పౌనులు. మిగులు భృతి 196. మొత్తము నెలకు 567 పౌనులు. మొదటి భృతితోనే యున్నచో అతనికి నెలకు వచ్చునది దాదాపు 421 మాత్రమే. భేదము నెలకు 146 పౌనులు. ఇంటి అద్దెకు సహాయము దొరికినచో అది వేరు. బిడ్డలు గలవారికి, వ్యాధిచేత పనిచేయు శక్తి తగ్గినవారికి సంపాదనలో కొంతభాగమును కోతనుండి విడిచిపెట్టుటయు గలదు.

అట్లయిన వెంటనే మార్చుకొనవచ్చును గదా యని మీ రడుగవచ్చును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఒక భృతి నుండి మరియొక భృతికి ఎవరును మనలను తామై మార్చరు. క్రొత్తగ దరఖాస్తు పెట్టుకొనవలెను. పెట్టిన దినమునుండియే లెక్క. ఆలస్యమైన దినములు సాధారణముగ తిరిగి రావు. పెట్టిన పిమ్మట ఒక నెల సంపాదనను చూచి, ఆపైన వారములోపల చెల్లింతురు. ఇంచుమించు అయిదు వారములు చేయి చాచి కూర్చుండవలెను. అంతలో అద్దె దినము వచ్చును. ముందుగ కొంత సొమ్ము అడుగవచ్చును గాని, అది దానము కాదు, అప్పు. తరువాతి చెల్లింపులనుండి నెలనెలా కోయుదురు.

కావున నా సలహా యిది. మార్చుకొనుట యనగా ఒకటి వదలి రెండవది పట్టుకొనుట యని తలపవలదు. అర్హత గలవారు రెంటిని ఏకకాలమున పొందవచ్చును. మొదటి భృతి యెంత ముట్టునో అంతయు రెండవదానినుండి తగ్గింతురు గనుక మొత్తము పెరుగదు. కాని పదునైదు దినముల కొకసారి వచ్చు ఆ కొంచెము సొమ్ము అయిదు వారముల యెడబాటును దాటించు తెప్ప వంటిది. పైగ మొదటి భృతి పొందినంతకాలము భీమా ఖాతాలో చందా కట్టినట్లే జమకట్టుదురు. రేపటి వృద్ధాప్య వేతనమున కది పనికివచ్చును. క్రొత్తపని కుదిరినదని జాబ్‌సెంటర్ వారికి మొదటి దినముననే తెలుపుట రెండవ కర్తవ్యము. తెలుపక పుచ్చుకొన్న సొమ్ము పిమ్మట అప్పుగ మారి, ఒక్కొకప్పుడు నేరముగను మారును.

జీతపు దినమును గమనించుట మూడవది. నాలుగు వారముల కొకసారి జీతమిచ్చు కొలువులు గలవు. అట్టి చోట్ల ఏడాదికి పదుమూడు జీతములు. ఒక నెల లెక్కలో రెండు జీతములు పడినచో ఆ నెల భృతి కృశించును, లేక పూర్తిగ పోవును. అది తెలిసినవాడు ముందు నెలలో కొంత దాచుకొనును. తెలియనివాడు అద్దె దినమున దిగులుపడును.

మన దేశమునుండి వీసాపై పోయినవారు మరియొక సంగతి యెరుగవలెను. పెక్కు వీసాలపై ప్రభుత్వ ధనసహాయము పొందరాదను షరతుండును. యూనివర్సల్ క్రెడిట్ ఆ సహాయములలో చేరినది. చందాపై వచ్చు జాబ్‌సీకర్స్ అలవెన్స్ అందులో చేరదు. పేరు వినినంతనే రెంటిని ఒకటిగ భావించి కొందరు తమ హక్కును వదలుకొందురు, కొందరు తగనిదానిని కోరి చిక్కులలో పడుదురు. దరఖాస్తుకు ముందు తెలిసినవారి నడుగుట మంచిది.

మన దేశమునను భీమా చందా చెల్లించిన కార్మికునకు పని పోయినపుడు కొంత ఆదరువు కల్పించు పథకము 2018లో ఇ.ఎస్.ఐ. సంస్థ ద్వారా వచ్చినది. 90 దినములవరకు సగటు సంపాదనలో నాలుగవ వంతు ఇచ్చునట్లు ఏర్పడి, 2020లో అది సగమునకు పెరిగినది. ఇట్టి ఏర్పాటులు ఇంకను విస్తరించుకొలది, ఈ నడిమి మనుష్యుని ప్రశ్న మన ముందునకును వచ్చును. అప్పుడు శాసనకర్తలు మొట్టమొదట వేసికొనవలసిన లెక్క నా దృష్టిలో ఒక్కటే: మరియొక గంట పనిచేసినవాని చేతిలో నిజముగ ఎంత మిగులును? ఆ మిగులు అయిదు పౌనులో, అయిదు రూపాయలో అయినచో, సోమరితనమును గూర్చి బీదవానికి నీతి బోధించు అధికారము మనకు లేదు. పని తలుపు తెరచువాడు, భృతి తలుపు మూయువాడు ఒక్కసారే తొందరపడరాదు. రెంటి నడుమ గడప దాటుటకు మనిషికి కొంత వ్యవధి యుండవలెను.