రౌటర్ మారిస్తే ఆట సాఫీగా సాగుతుందా?

సూరత్‌లోని లింబాయత్‌లో మన తెలుగు నేత కుటుంబాలు ఎక్కువ. అక్కడ ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పిల్లలు ఫోన్లో ఆడుతుంటే ఉన్నట్టుండి ఆట బిగుసుకుపోతుంది. కొత్త రౌటర్ కొంటే తీరుతుందా?

ముందు జబ్బు ఎక్కడుందో చూద్దాం. ఆట సర్వర్ ముంబైలో ఉంటే దూరం దాదాపు 280 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి అంత దూరం వెళ్లి రావడానికి 3 మిల్లీసెకన్లు చాలు. సర్వర్ సింగపూర్‌లో ఉంటే మాత్రం ఆ దూరాన్ని ఏ రౌటరూ తగ్గించలేదు.

ఇంట్లో ఆలస్యానికి కారణాలు వేరు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే. ఇరుగుపొరుగు రౌటర్లన్నీ వాటి మీదే పడతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, కానీ గోడ దాటితే బలం తగ్గుతుంది. అందుకే ఇనుప బీరువా వెనక నుంచి రౌటర్‌ను తీసి, ఆడే గదిలోనే ఎత్తున పెట్టండి.

ఒక పరీక్ష చేయండి. కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి అదే ఆట ఆడండి. పింగ్, అంటే సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం, నిలకడగా ఉంటే తప్పు వైఫైది. 5 గిగాహెర్ట్జ్ ఉన్న కొత్త రౌటర్ పనికొస్తుంది. అప్పుడూ ఎగిసిపడితే తప్పు లైనుదో, సర్వర్‌దో. అయితే ఇంట్లో ఎవరైనా వీడియో పంపినప్పుడే ఎగిస్తే, ఆట డేటా ప్యాకెట్లు వరుసలో ఆగుతున్నాయన్నమాట. వాటికి ముందు దారిచ్చే రౌటర్ కావాలి.

కష్టార్జితం ఖర్చుపెట్టే ముందు ఈ పరీక్ష తప్పక చేయండి.