మొదటి పేజీ మీరే రాయాలి

పొలం పనులు ఆపుకొని, కొంత దూరం నడిచి, కొంత దూరం జీపుల్లో వచ్చిన తల్లిదండ్రులకు మరీ మరీ నమస్కారం. ఇవాళ పట్టా అందుకున్న పిల్లలందరికీ నా అభినందనలు, ఆశీస్సులు.

ఇలాంటి సభల్లో పెద్దవాళ్ళు రేపటి గురించి మాట్లాడతారు. ఉద్యోగాలు, పోటీ పరీక్షలు, పై చదువులు. అవన్నీ ముఖ్యమే. వాటి గురించి మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఒకే ఒక్క పని అడగడానికి వచ్చాను. మీ జీవితం గురించి మీరు రాయడం మొదలుపెట్టండి. రిటైరయ్యాక కాదు, ఇప్పుడే.

"ఇరవై రెండేళ్ళకే ఆత్మకథ ఏమిటి? నేనేం సాధించానని?" అని మీకు అనిపిస్తుంది. అలా అనిపించడం సహజం. ఆత్మకథ అంటే ఏదో సాధించినవాళ్ళు చివర్లో చెప్పుకునే విజయగాథ అని మనకు అలవాటైపోయింది. నిజానికి అది ఒక మనిషి చూసినదానికి ఆ మనిషే ఇచ్చే సాక్ష్యం. సాక్ష్యం చెప్పడానికి పదవి అక్కర్లేదు, వయసు అక్కర్లేదు. చూసి ఉంటే చాలు.

ఈ కొండల గురించి రాతలు తక్కువేమీ కాదు. 1869లో కార్మైకేల్ అనే తెల్ల అధికారి విశాఖపట్నం జిల్లా మాన్యువల్ రాశాడు. 1907లో ఫ్రాన్సిస్ గెజిటీర్ వచ్చింది. 1909లో థర్‌స్టన్, రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి లెక్కలు రాసుకున్న అధికారి ఆయన. ఆ తర్వాత ప్రేమతో వచ్చినవాళ్ళూ ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు సవరల మాట చెవిన పడితే ముచ్చటపడి, వాళ్ళ దగ్గరే కూర్చుని నేర్చుకొని, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. 1969లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి పుస్తకం కొండ భాషను లోకంలోని పండితుల ముందు నిలబెట్టింది. వీళ్ళకు మనం రుణపడి ఉన్నాం. అయినా ఆ పుస్తకాలన్నిటిలోనూ మన గురించి వేరొకరు చెబుతుంటారు. మనం ఏం తింటామో, ఎలా పెళ్ళి చేస్తామో, ఎవరిని మొక్కుతామో ఉంటుంది. ఫలానా రోజున ఫలానా అమ్మాయి మనసులో ఏముందో ఉండదు. అది బయటివాళ్ళ చేతికి అందేది కాదు.

గాం మల్లుదొరను తలుచుకోండి. అల్లూరి సీతారామరాజు వెంట 1922లో మన్యంలో పోరాడి, అండమాన్ జైలు చూసి, 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి గెలిచిన మనిషి. కొండల్లో పుట్టి, తెల్లవాళ్ళ జైలు దాటి, ఢిల్లీలో పార్లమెంటులో కూర్చున్నాడు. అంతటి జీవితం గురించి మనం చదివేదంతా దాదాపు పోలీసు రికార్డుల నుంచీ, పరిశోధకుల పుస్తకాల నుంచీ వచ్చిందే. ఆ పోరాటం మొదలై వందేళ్ళు దాటింది. ఈ వందేళ్ళలో మన ఇళ్ళలో చదువు వచ్చింది, కలం వచ్చింది. ఇక సాకు లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ ఆగిపోయేది ఇక్కడే. నాకు పనికొచ్చిన దారి చెబుతాను.

మీ పట్టా వెనక పదో తరగతి సర్టిఫికెట్ ఉంది. అందులో పుట్టిన తేదీ ఉంది. మా తరంలో చాలామందికి ఆ తేదీ బళ్ళో వేసిన రోజున మాస్టారు వేసిందే. కుడిచెయ్యి నడినెత్తి మీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవారు. అందితే ఐదేళ్ళు నిండినట్టు. రిజిస్టర్లో ఒక తేదీ పడేది. నాకు జూలై ఒకటి పడింది. మా అమ్మ లెక్క వేరు. చోళ్ళు కోసేశాక, వలిసెలు పూసి కొండవాలంతా పచ్చగా ఉన్న రోజుల్లో, పొద్దెక్కినా మంచు విడవని పూట పుట్టానని చెప్పేది. జూలైలో వలిసెలు పూయవు. రాయడానికి కూర్చున్న రోజున నేను ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన రాశాను. రాశాక ప్రశ్నలు వాటంతట అవే వచ్చాయి. అమ్మ పంటల్ని బట్టి కాలం ఎలా గుర్తుపెట్టుకుంది? బళ్ళో చేర్చడానికి నన్ను ఎవరు తీసుకెళ్ళారు? ఆ రోజు మాస్టారి మాట నాకు అర్థమైందా? ఒక్కో జవాబూ ఒక్కో పేజీ అయింది.

అందుకే మీకు చెప్పేది ఇది. కాగితం చెప్పేదానికీ, ఇల్లు చెప్పేదానికీ ఎక్కడ తేడా వస్తుందో అక్కడ మొదలుపెట్టండి. మన ఇళ్ళలో అలాంటి చోట్లు బోలెడు. రేషన్ కార్డులో తప్పుపడిన ఇంటిపేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టాలో ఉన్న విస్తీర్ణం, తాత కాలి నడకతో చూపించిన హద్దు. 1997 సమత తీర్పు మీకు తెలిసే ఉంటుంది. బొర్రా చుట్టుపక్కల గనుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని తేలింది. తీర్పు కావాలంటే లైబ్రరీలో దొరుకుతుంది. కేసు నడిచినన్నాళ్ళూ ఆ ఊళ్ళలో రాత్రిపూట నెగడి దగ్గర ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఏ లైబ్రరీలోనూ దొరకదు. మీ ఇంట్లో అడిగితే దొరుకుతుంది.

రెండో మాట. మొదటి వాక్యంలో గొప్పగా ఉండాలని చూడకండి. "నేను ఒక నిరుపేద గిరిజన కుటుంబంలో జన్మించాను" అని చాలామంది మొదలుపెడతారు. అది అబద్ధం కాదు. కానీ అది ఎవరైనా రాయగల వాక్యం, దరఖాస్తుల్లో రాసే వాక్యం. అదే సంగతి ఇలా రాసి చూడండి: "శుక్రవారం అరకు సంతకు అమ్మ చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకొని తెల్లారకముందే బయల్దేరేది. షావుకారు తూకం వేస్తుంటే ముల్లు వైపు చూసేది కాదు. అతని చిటికెనవేలు రాళ్ళున్న పళ్ళేన్ని నొక్కుతోందేమోనని వేలు వైపే చూసేది. నొక్కితే, మళ్ళీ వెయ్యి బాబూ అనేది. అతను వినకపోతే బుట్ట తీసుకొని ఇంకో కొట్టుకు నడిచేది." ఇందులో పేదరికం అన్న మాట లేదు, గిరిజన అన్న మాట లేదు. రెండూ కళ్ళకు కడుతున్నాయి. దానితోపాటు ఆ అమ్మ తెలివీ, పౌరుషమూ కనబడుతున్నాయి. అటవీ ఫలసాయం కొనడానికి, దళారుల నుంచి గిరిజనుల్ని కాపాడటానికి 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. అది ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఆ చిటికెనవేలిని చూసినవాళ్ళే చెప్పగలరు.

మూడో మాట. పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. "నీ జీవితం చెప్పు తాతా" అంటే ఆయన నవ్వి, ఏముందిరా అంటాడు. చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. ఉప్పు ఎక్కడ కొనేవారు, బదులు ఏమిచ్చేవారు? రైలు మొదటిసారి చూసినప్పుడు ఎక్కడున్నావు? బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకూ, అక్కడి నుంచి జపాన్‌కూ పంపడానికి 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. యాభై ఎనిమిది సొరంగాలు తొలిచారు. ఆ లెక్క రైల్వే వాళ్ళ దగ్గర ఉంది. కొండ పేలినప్పుడు పశువులు ఎటు పరిగెత్తాయో, ఏ ఊరి ఊట దారి మళ్ళిందో పెద్దవాళ్ళనే అడగాలి. వాళ్ళకు సంవత్సరాలు గుర్తుండకపోవచ్చు. రైలు రాకముందు, వచ్చాక అంటారు. 1955లో మాచ్‌ఖండ్‌లో కరెంటు పుట్టింది. దానికోసం మునిగిన ఊళ్ళవాళ్ళు మునక ముందు, మునక తర్వాత అంటారు. ఆ లెక్కనే ఉంచండి, పక్కన మీరు సంవత్సరం వేయండి. మీ అందరి చేతుల్లో ఫోను ఉంది. రీలుకు పట్టే సమయంలో అవ్వ గొంతు రికార్డు చేయవచ్చు.

ఈ పని చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలతో మాట్లాడి, వాళ్ళ మాటల్లోనే రాసి, స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది. చరిత్ర పుస్తకాల్లో లేని సంగతులు ఆ గొంతుల్లో దొరికాయి. కేరళలో వయనాడ్ ఆదివాసీ నాయకురాలు సి.కె. జాను చెబుతుంటే భాస్కరన్ రాసిన ఆమె జీవితకథ, 2004లో 'మదర్ ఫారెస్ట్' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్ళింది. మీ అమ్మకు రాయడం రాకపోతే మీరు రాయండి. ఈ హాల్లో కూర్చున్న తల్లుల్లో ఎన్ని పుస్తకాలున్నాయో నాకు తెలుసు.

మన విశాఖలోనే చివరి రోజులు గడిపిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారి గురించి చెప్పకుండా ఉండలేను. 1918లో పుట్టి, బాల్యంలోనే వితంతువై, తర్వాత ఉద్యమంలోకి వెళ్ళి, అజ్ఞాతవాసం చేసి, ఒంటరి అయ్యాక మెట్రిక్ చదివి, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా బతికి, కన్నబిడ్డలిద్దర్నీ పోగొట్టుకున్న మనిషి ఆమె. తొంభై దాటాక, 2012లో 'నిర్జన వారధి' వచ్చింది. ఎవరి మీదా విషం కక్కకుండా, ఏడుపును ఎగదోయకుండా, జరిగింది జరిగినట్టు చెప్పిన పుస్తకం. ఎప్పుడు మొదలుపెట్టినా ఆలస్యం కాదని ఆమె చూపించారు. అయితే అంత ఆయుష్షూ అంత జ్ఞాపకశక్తీ అందరికీ రావు. మీ వయసులోనే రాయవచ్చని చెప్పడానికీ మనిషి ఉన్నాడు. బంజారా తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ ఇరవైల్లోనే తండా బతుకును కవిత్వంగా, కథలుగా రాశాడు. 'ఢావ్లో' కథలకు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పార్వతీపురం వైపు కొండల నుంచి మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలు తెచ్చారు. కథ కావచ్చు, కవిత్వం కావచ్చు, ముందు ఎవరి బతుకును వాళ్ళు కళ్ళెత్తి చూశారు.

భాష గురించి భయపడకండి. కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో, కొండ భాషలోనో, గదబలోనో మీరు మొదటిసారి ఏడ్చారు, నవ్వారు. బడికి వచ్చాక తెలుగు నేర్చుకున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషలకు తెలుగు లిపిలో వాచకాలు తయారైన సంగతి మీలో కొందరికి అనుభవమే. కాబట్టి రాసేటప్పుడు అమ్మ మాటను అమ్మ మాటగానే తెలుగు లిపిలో రాయండి. చెట్టు పేరు, కూర పేరు, తిట్టు, లాలిపాట పిలుపు, ఏదీ మార్చవద్దు. చదివేవాళ్ళు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. గ్రాంథికం కోసం, పరీక్షల తెలుగు కోసం తడుముకుంటే చేతికొచ్చిన జ్ఞాపకం జారిపోతుంది.

నిజం రాయడానికి ధైర్యం కావాలి. మన ఊళ్ళలో అన్నీ థింసా ఆటలూ, ఇటుకల పండగలూ కావు. చిల్లంగి పేరుతో మనిషిని వెలివేసిన రోజులున్నాయి. సారా కూల్చిన ఇళ్ళున్నాయి. పదిహేనేళ్ళకే పెళ్ళయి చదువు ఆగిన అక్కలున్నారు. నిండు చూలాలిని డోలీలో మోస్తూ వాగు దగ్గర ఆగిపోయిన రాత్రులున్నాయి. పర్యాటకుల కోసం అందంగా రాయకండి. సానుభూతి కోసం దీనంగానూ రాయకండి. ఉన్నది రాయండి. బతికున్నవాళ్ళ పరువు మీ చేతిలో ఉందని మాత్రం మరవకండి. అవసరమైతే పేరు మార్చండి. మీ కథలో ఇంకొకరి రహస్యం ఉంటే, అచ్చుకు ఇచ్చేముందు వాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళు వద్దంటే ఆ పేజీని పక్కన పెట్టండి, చించవద్దు.

ఇక రోజువారీ సంగతి. పుస్తకం రాస్తున్నానని అనుకోకండి. ఒక నోటుపుస్తకం కొనుక్కొని, వారానికి ఒక జ్ఞాపకం రాయండి. ఆశ్రమ పాఠశాలలో మొదటి రాత్రి. హాస్టల్లో మొదటిసారి తిన్న ఉప్మా. కాఫీ పళ్ళు ఏరి, తొక్క తీసి, గింజలు ఆరబోసి, మొదటి కూలి అందుకున్న రోజు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన గింజ పేరు దేశదేశాల్లో వినబడుతోంది. ఆ పళ్ళు కోసిన చేతుల గోళ్ళకింద మరక ఎన్నాళ్ళుంటుందో కొనేవాడికి తెలియదు. మీకు తెలుసు. అది రాయండి. వరస గురించి తర్వాత ఆలోచించవచ్చు. యాభై జ్ఞాపకాలు పోగయ్యేసరికి ఏది ముందో ఏది వెనకో మీకే తెలుస్తుంది.

అధ్యాపకులకు ఒక విన్నపం. మీ గ్రంథాలయంలో ఒక అలమర ఖాళీ చేయండి. ఈ విద్యార్థులు రాసినవి, వాళ్ళ అవ్వాతాతల రికార్డింగులు, వాళ్ళ అనుమతితో అందులో భద్రపరచండి. పదేళ్ళ తర్వాత ఈ కొండల మీద పరిశోధనకు ఎవరొచ్చినా ముందు ఆ అలమర దగ్గరికే రావాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు అడిగినప్పుడు "మా బతుకులో ఏముంది" అనకండి. చెప్పండి. మీరు చెప్పనిది ఎవరూ చెప్పలేరు.

పిల్లలూ, మీరు ఉపాధ్యాయులవుతారు, నర్సులవుతారు, అధికారులవుతారు. మీలో ఎక్కువమంది మీ ఇంటి నుంచి పట్టా అందుకున్న మొదటివాళ్ళు. మీ వెనక అంతా నోటిమాటగా ఉంది, మీ ముందు అంతా రాతగా ఉండబోతోంది. రెండూ తెలిసిన తరం మీదొక్కటే. మీ తర్వాతివాళ్ళకు ఈ అవకాశం ఉండదు. అందుకే ఈ బరువు మీ మీద పెడుతున్నాను, మోయగలరన్న నమ్మకంతోనే పెడుతున్నాను. ఈ వారంలో మొదటి పేజీ రాయండి. రాసి, ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. వాళ్ళు "అలా కాదు, ఇలా జరిగింది" అని అడ్డుపడితే సంతోషించండి. రెండో పేజీ దొరికినట్టే.