మధుమేహము – కంటిలోని సన్నని రక్తనాళములు
(మూసారాంబాగ్‌లో రైతుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



2020 అక్టోబరులో మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మునిగినప్పుడు ఆ వరదను అందరును చూచిరి. కాని పొలములో కాలువ గట్టు క్రింద ఊట పడినచో, పైరు పసుపు రంగుకు తిరుగువరకు ఎవరును గమనింపరు. మధుమేహము, అనగా చక్కెర వ్యాధి, కంటికి చేయు హాని ఈ ఊట వంటిది.

కంటి లోపల వెనుక భాగమున రెటీనా అను పలుచని పొర కలదు. వెలుగును గ్రహించి మెదడునకు తెలుపునది ఇదే. పిల్లకాలువలు మడిమడికి నీరందించునట్లు, వెండ్రుక కంటె సన్నని నాళములు ఈ పొరకు రక్తమందించును.

రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో ఈ నాళముల గోడలు బలహీనపడి, అక్కడక్కడ బుడిపెలవలె ఉబ్బును. వాటినుండి నీరు, రక్తము పొరలోనికి ఊరును. సూటిగా చూచుటకు పనికివచ్చు నడిమి భాగమున వాపు వచ్చినచో చూపు మసకబారును. మరికొన్ని నాళములు పూడిపోవును. రక్తమందని చోట క్రొత్త నాళములు మొలచును గాని, అవి మెత్తని మట్టిగట్ల వంటివి. సులభముగా తెగి కంటిలో రక్తము నింపును. పిదప ఏర్పడు మచ్చలు రెటీనాను లాగి ఊడదీయవచ్చును.

ఇంత జరుగుచున్నను నొప్పి యుండదు. మొదట చూపును తగ్గదు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు జరిపి, 1999లో ప్రకటించిన పరిశీలనలో, తమకు మధుమేహమున్నదని చెప్పిన 124 మందిలో 28 మందికి రెటీనా దెబ్బతిన్నట్లు తేలినది.

"నాకు చూపు బాగున్నది, పరీక్ష యెందుకు?" అని కొందరడుగుదురు. చూపు బాగున్నప్పుడే పరీక్ష చేయించవలెను. 2018 ఆగస్టు 15న తెలంగాణలో ప్రారంభమైన కంటి వెలుగు కార్యక్రమములో అనేకులు అద్దములు పొందిరి. అయితే అద్దముల నంబరు చూచుట వేరు, రెటీనాను చూచుట వేరు.

కావున ఈ క్రింది విషయములు పాటింపుడు:

1. మధుమేహము బయటపడిన వెంటనే, అటుపిమ్మట ఏటేటా, కంటిలో చుక్కల మందు వేయించుకొని రెటీనా పరీక్ష చేయించుకొనుడు. ఆ మందువలన కొన్ని గంటలు చూపు మసకగా నుండును. తోడు మనిషిని తీసికొని వెళ్ళుడు, బండి నడుపరాదు.

2. మధుమేహమున్న స్త్రీ గర్భవతియైనచో తొలి నెలలలోనే ఈ పరీక్ష చేయించవలెను.

3. చక్కెరతోపాటు రక్తపోటును, కొలెస్టరాలును అదుపులో నుంచుడు. పొగత్రాగుట మానుడు. వైద్యుని అడుగక మందులు ఆపరాదు.

4. కంటి ముందు హఠాత్తుగా నల్లని చుక్కలు, దారములు ఆడినను, తెర దిగినట్లున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్ళుడు. నగరములో మెహదీపట్నమున సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి కలదు.

లేసర్ కిరణములు, కంటిలోనికిచ్చు ఇంజెక్షనులు, శస్త్రచికిత్స – ఇవి నేడున్న చికిత్సలు. ఇవి ముఖ్యముగా మిగిలిన చూపును కాపాడును; పోయిన చూపంతయు తిరిగి వచ్చునని చెప్పజాలము.

ఆకు అడుగున దాగిన పురుగును పసిగట్టునది, మందు డబ్బాపై మోతాదును చదువునది మీ కన్నే. ఏటా విత్తులు వేయుటకు ముందు భూసార పరీక్ష చేయించు రైతు, ఆ రోజులలోనే కంటి పరీక్షకు ఒక దినము కేటాయించుకొనిన మరచిపోవుట యుండదు.