వ్రాసిపెట్టిన మాటయే నిలుచును



ఒక కచేరీలో తెలుగు ఉద్యోగి యొకడు లినక్సు కంప్యూటరుపై పని చేయుచున్నాడనుకొనుడు. నెలల పేర్లు, వారముల పేర్లు తెలుగున కనబడవలెనని ఆతడు టెర్మినలులో లాంగ్ అను పేరునకు తెలుగు విలువ నిచ్చెను. తెలుగు లొకేలు యంత్రములో ముందే అమర్చియున్నది గనుక తేదీ వెంటనే తెలుగున వచ్చెను. మరునాడు లాగిన్ కాగానే మరల ఇంగ్లీషే ప్రత్యక్షమయ్యెను. ఈ యంత్రమునకు తెలుగు సరిపడదని నిశ్చయించుకొని ఆతడు ప్రయత్నమునే విడిచిపెట్టెను. ఇట్టి తొందరపాటు వలన భాషకు కలుగు నష్టము చిన్నది కాదు. దోషము తెలుగునందు లేదు, యంత్రమునందును లేదు. చెప్పవలసిన చోట చెప్పకపోవుటయే కారణము.

లాంగ్, పాత్, హోమ్ మొదలగువానిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ళందురు. తెలుగున పరిసర విలువలనవచ్చును. ఇవి 1979లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పుతో వాడుకకు వచ్చినవి. 1991లో పుట్టిన లినక్సు ఈ పద్ధతినే స్వీకరించెను. సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ కూడ లినక్సు కుటుంబములోనిదే.

ప్రతి ప్రోగ్రాము తన్ను ప్రారంభించిన ప్రోగ్రాము నుండి ఈ విలువల నకలును పొందును. తండ్రి ఆస్తి బిడ్డకు సంక్రమించును గాని, బిడ్డ చేసిన మార్పు తండ్రి ఖాతాలో చేరదు. ఆజ్ఞల నందుకొను షెల్ ముగియగానే దానికిచ్చిన విలువలును ముగియును.

సెక్షనులో అధికారి నోటితో చెప్పిన మాట ఆ పూటకు నడచును. బదిలీపై క్రొత్తగా వచ్చినవారు చూచునది ఫైలులోని ఉత్తరువునే. షెల్ ప్రతిదినము క్రొత్తగా చేరిన ఉద్యోగి వంటిది. దానికి నిన్నటి జ్ఞాపకము లేదు. చేరగానే కొన్ని ఫైళ్ళను చదువును. కాబట్టి విలువ నిలువవలెనన్న ఆ ఫైళ్ళలో వ్రాయవలెను.

తన ఒక్కనికే కావలసినచో హోమ్ డైరెక్టరీలోని డాట్ ప్రొఫైల్ తగిన చోటు. అందు ఎక్స్‌పోర్ట్ అను మాట, పిదప వేరియబులు పేరు, సమానపు గుర్తు, విలువ వ్రాయవలెను. సమానపు గుర్తునకు ఇరుప్రక్కల ఖాళీ ఉండరాదు. ఎక్స్‌పోర్ట్ అనకున్నచో ఆ విలువ తరువాతి ప్రోగ్రాములకు సంక్రమింపదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. బాష్ షెల్ లాగిన్ సమయమున డాట్ బాష్ ప్రొఫైల్, డాట్ బాష్ లాగిన్, డాట్ ప్రొఫైల్ అను మూడింటిని ఈ వరుసలో వెదకి, మొదట దొరకినదానిని మాత్రమే చదువును. ఎవరో చెప్పిరని క్రొత్తగా డాట్ బాష్ ప్రొఫైల్ సృష్టించినచో, అంతవరకు పనిచేసిన డాట్ ప్రొఫైల్ మూలబడును. లాగిన్ అయిన పిదప తెరచు టెర్మినలు కిటికీలు సాధారణముగా డాట్ బాష్‌ఆర్‌సీని చదువును.

యంత్రము నుపయోగించు వారందరికిని కావలసినచో నిర్వాహకుడు ఈటీసీ డైరెక్టరీలోని ఎన్విరాన్‌మెంట్ ఫైలులో వ్రాయవచ్చును. అది షెల్ చదువు ఆజ్ఞాపత్రము కాదు. అందు పేరు, విలువ మాత్రమే చాలును.

పాత్ విషయమున మరింత జాగరూకత వలయును. ఆజ్ఞలు ఏయే డైరెక్టరీలలో దొరకునో అదియే తెలుపును. క్రొత్త డైరెక్టరీని చేర్చునపుడు పాత విలువను కూడ నిలుపుకొనవలెను. లేనిచో నిత్యము వాడు ఆజ్ఞలే కానరాకుండ పోవును. రహస్యపు పాస్‌వర్డుల నిట్లుంచుట మంచిది కాదు. ప్రారంభమైన ప్రతి ప్రోగ్రామునకును అవి చేరును.

వ్రాసిన పిదప పూర్తిగా లాగవుట్ అయి, మరల లాగిన్ కావలెను. ప్రింట్‌ఎన్వ్ అను ఆజ్ఞ ప్రక్కన వేరియబులు పేరు వ్రాసినచో ప్రస్తుత విలువ తెలియును.

కడపటి మాట యొకటి. షెల్ ఫైలులో హాష్ గుర్తుతో మొదలగు పంక్తిని యంత్రము విడిచిపెట్టును. ఆ పంక్తిలో మార్పు ఎందుకు చేయబడినదో, ఏ తేదీన చేయబడినదో వ్రాసియుంచుట మేలు. ఆ కుర్చీలో రేపు కూర్చుండువారు దానిని చదువుకొని, తెలిసి ఉంచుదురు, లేదా తెలిసి మార్చుదురు.

స్వస్తి.